సూరులో చెక్కిన కత్తి

నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో పాత ఇనుప సామాను కొనేవాళ్ల బండి తిరగని ఊరు లేదు. విరిగిన నాగటి కర్రు, చిల్లుపడ్డ బొక్కెన, తుప్పుపట్టిన సైకిల్ చక్రం, వాటి మధ్య అరిగిపోయిన కొడవళ్లు, గీత కత్తులు, అడకత్తెరలు. అన్నీ ఒకే తక్కెడలో, కిలోల లెక్కన. ఇదే నేల మీద రెండు వేల ఏళ్లకు ముందు మనిషి చనిపోతే పక్కన కుండలతోపాటు ఇనుప పనిముట్లూ పెట్టి, పైన బండలు పేర్చేవారు. మనవాళ్లు రాకాసి గుళ్లనేవి ఆ సమాధులనే. నాగార్జునసాగర్ నీళ్లలో మునిగిపోకముందు ఏలేశ్వరంలో జరిగిన తవ్వకాల్లో అలాంటివి బయటపడ్డాయి. కృష్ణ ఒడ్డున ముడుమాల్ నిలువురాళ్లు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకు ఎక్కాయి. రాళ్లకు మర్యాద దక్కింది, సంతోషమే. ఇనుముకు ఇంకా దక్కలేదు.

అమెరికాలో మాత్రం పాత జేబు చాకులు కూడబెట్టే అలవాటు చాలా పెద్దది. రైతులు, వేటగాళ్లు, బడిపిల్లలు వాడిన మామూలు మడత చాకులే వాళ్లకు నిధులు. 1889లో మొదలై పెన్సిల్వేనియాలోని బ్రాడ్‌ఫర్డ్‌లో స్థిరపడ్డ కేస్ కంపెనీ చాకు దొరికితే, అలుగు మొదట్లో కొట్టిన ముద్ర చూసి అది ఏ ఏడు తయారైందో చెప్పేస్తారు. 1970లో పేరు కింద పది చుక్కలు పెట్టి, ఆపై ఏడాదికో చుక్క తీసేస్తూ పోయారు. ఆరు చుక్కలుంటే 1974. పిడి ఎముకతో చేసిందా, కొమ్ముతో చేసిందా, అలుగులెన్ని అనేది కూడా అంకెల్లోనే ఉంటుంది. ఆ వేడుక చూసి ముచ్చటపడి రాంపురి చాకులో, షెఫీల్డు చాకులో వెతికేవాళ్లు మన దగ్గరా కొందరున్నారు. తప్పేమీ లేదు. కానీ నల్లగొండవాడు కత్తులు పోగుచేయాలనుకుంటే మొదట ఎత్తిపట్టాల్సింది మన తాటివనంలో కల్లు తీసే గీత కత్తినే అని నా వాదన.

ఆ కత్తి పని ఎంత నాజూకో చెట్టెక్కనివాళ్లకు తెలియదు. తాటిగొల కొసను రోజూ పొద్దున, సాయంత్రం సన్నగా, పొరలాగా చెక్కాలి. కోత మందమైతే గొల తొందరగా అయిపోతుంది, పలచనైతే ఎండిన పొర పోక కల్లు కారదు. అంచు మొద్దుబారితే గొల నలుగుతుంది. నలిగిన గొల లొట్టి నింపదు. అందుకే కల్లు గీసే గౌండ్ల ఇంట్లో ఒక్క కత్తితో సరిపోదు. మట్టలు నరికి చెట్టు బాగుచేయడానికి బరువైనదొకటి, గొల గీయడానికి పలచనిది మరొకటి. ఈ రెండోదాన్ని ఇంకెవరి చేతికీ ఇవ్వరు. కూరగాయ కోస్తానని ఇంటి ఆడవాళ్లు ముట్టుకున్నా పెద్దాయన కసురుకుంటాడు. కొందరు చెక్క మీద పలుగురాయి పొడి చల్లి నూరతారు, కొందరు సానరాయి మీద. నూరిన తర్వాత ముంజేతి వెంట్రుక మీద ఆడించి చూసుకుంటారు. పని అయ్యాక ఇంటి సూరులో చెక్కుతారు, పిల్లలకు అందనంత ఎత్తులో.

ఈ కత్తి నడుముకు కట్టుకునే ముస్తాదులో వేలాడుతుంటే, వీపు వెనక చెట్టెక్కే మోకుతాడు. మోకు తెగితే, వానకు బోదె జారితే ఏమవుతుందో ఈ జిల్లాల్లో ప్రతి గౌండ్లవాడకూ తెలుసు. గౌండ్ల దేవుడు కాటమయ్య పండుగనాడు కత్తీ, మోకూ, ముస్తాదూ చెట్టు మొదట పెట్టి పసుపు కుంకుమలతో మొక్కడం ఆ భయంలోంచి పుట్టిందే. 2024 జూలైలో ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం పేరుతో గీతవాళ్లకు చెట్టెక్కే భద్రతా కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. రావాల్సిన మంచి మార్పే. దాంతో పాత మోకులు మూలన పడతాయి, వాటి వెనకే ముస్తాదులు పోతాయి. అందుకే ఇప్పుడు దాచకపోతే ఎప్పుడూ దాచలేం అంటున్నాను.

ఈ కత్తికి రాజకీయమూ ఉంది. నిజాం రాజ్యంలో ఆబ్కారి, అంటే కల్లు సారా పన్ను, పెద్ద రాబడి. చెట్టు గీసేవాడిది కాదు, కాంట్రాక్టరు చేతిలో ఉండేది, చెట్టు పన్ను వేరే. 1947లో స్వామి రామానంద తీర్థ నాయకత్వంలో సత్యాగ్రహం నడిచినప్పుడు, నిజాం ఖజానాకు గండి కొట్టడానికి ఈత, తాడి చెట్లను గొడ్డళ్లతో నరికారు. పోరాటం న్యాయమైనదే కానీ, నరికిన చెట్టు కింద కత్తి పట్టుకుని నిలబడ్డ గీత కార్మికుడి సంగతి చరిత్ర పుస్తకాల్లో నాకు ఎక్కువగా కనబడదు. ఆ తర్వాత గీతవాళ్లను సంఘాలుగా కూడగట్టిన వాళ్లలో ముందు చెప్పుకోవాల్సింది సూర్యాపేట బొమ్మగాని ధర్మభిక్షం. 1991లోనూ 1996లోనూ నల్లగొండ నుంచి లోక్‌సభకు గెలిచారు.

ఇక సర్వాయి పాపన్న. గౌండ్ల ఇంట పుట్టి, 1708లో వరంగల్లును కొల్లగొట్టి, 1710లో మొగలుల చేతిలో చనిపోయినవాడు. ఊరూరా విగ్రహాలు లేచాయి. అన్నింట్లోనూ చేతిలో రాజుల ఖడ్గమే. ఒక్క విగ్రహానికైనా నడుముకు గీత కత్తి చెక్కితే శిల్పికి పోయేదేముంది?

మన కత్తుల మీద ముద్రలు ఉండవు. కమ్మరి కొలిమిలో పేరు కొట్టే ఆచారం లేదు. లారీ కమాన్ పట్టీ ముక్కను ఎర్రగా కాల్చి, పట్టుకారుతో దాగలి మీద పెట్టి, ఒకరు సుత్తి, ఒకరు సమ్మెట వేస్తుంటే రూపం వస్తుంది. ఆపై నీళ్లలో ముంచి పదును పెట్టడంలోనే పనితనమంతా. ఎక్కువ కాలితే అంచు పెళుసై రాలుతుంది, తక్కువైతే వంగుతుంది. రంగు చూసి లెక్క కట్టేవారు. గోల్కొండ రాజ్యపు ఉక్కు పర్షియా దాకా పోయిందని ఫ్రెంచి యాత్రికుడు టావెర్నియే రాశాడు. నిజామాబాద్ వైపు కోనసముద్రం ఉక్కు మీద పరిశోధకులు పుస్తకాలే రాశారు. అందుకు అసూయ లేదు గానీ, మన వైపు కమ్మరి కొలిమి మీద అంత శ్రద్ధ పెట్టినవాళ్లు తక్కువ. గ్రామంలో పాతకాలపు గీత కార్మికుడికి ముద్ర అక్కర్లేదు. చేత్తో తూచి, పలానా ఊరి కమ్మరి పని అని చెప్పేస్తాడు. కేస్ కంపెనీ చుక్కలు పుస్తకంలో దొరుకుతాయి. ఈ చదువు మాత్రం ఆ ముసలాయనతో పోతుంది.

పాలమూరులో తాడికన్నా ఈత ఎక్కువ. అక్కడ వేరే కత్తులూ వెతకాలి: గొర్రెల బొచ్చు కత్తిరించే పెద్ద కత్తెరలు, మేకలకు మండలు కొట్టే కాపరి చేతి గొడ్డలి, నల్లమల చెంచుల కత్తి. మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్ 1940లో అమ్రాబాద్ చెంచుల మధ్య తిరిగి రాసిన పుస్తకం 1943లో వచ్చింది. విల్లంబులు, కత్తి, గొడ్డలి, గడ్డలు తవ్వే కర్ర, నాలుగు కుండలు. ఆయన చూసిన చెంచుల ఇంటి ఆస్తి దాదాపు అంతే.

పోగుచేయదలచినవాళ్లకు నాలుగు మాటలు. తుప్పును ఉప్పుకాగితంతో రుద్ది మెరిపించకండి, అరుగుదలే దాని చరిత్ర. నూనె గుడ్డతో తుడిస్తే చాలు. పిడి మార్చకండి. ఎవరిది, ఏ ఊరు, ఎవరు చేశారు, ఎన్నేళ్లు వాడారు అనేవి అడిగి చీటీ కట్టండి. చీటీ లేని కత్తి వట్టి ఇనుమే. మరొకటి: అలుగు తొమ్మిది అంగుళాలకు మించినా, వెడల్పు రెండంగుళాలు దాటినా ఆయుధాల నిబంధనల కిందికి రావచ్చు. ఇంటిపనికీ వ్యవసాయానికీ చేసినవాటికి మినహాయింపు ఉంది. చీటీ ఇక్కడా అక్కరకొస్తుంది.

పానగల్లు పచ్చల సోమేశ్వరాలయం దగ్గర మ్యూజియం ఉంది, పాలమూరులో పిల్లలమర్రి దగ్గర మరొకటి ఉంది. రెండింటిలోనూ దేవతల శిల్పాల పక్కన మోకు, ముస్తాదు, గీత కత్తికి ఒక అర కేటాయించాలని అధికారులను కోరుతున్నాను. ఈ వ్యాసం చదివినవారి ఇంటి సూరులో తాతల నాటి కత్తి ఉంటే, ఈసారి ఇనుప సామాను బండి వచ్చినప్పుడు దాన్ని మాత్రం వేయకండి.