గాలి తుపాకి చరిత్ర: వేట నుండి క్రీడ వరకు

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరువాత మీరు:
- ఎయిర్‌గన్ పుట్టుకను, దాని రకాలను వివరించగలుగుతారు.
- ఒక వస్తువు వినియోగం కాలంతోపాటు ఎందుకు మారుతుందో చెప్పగలుగుతారు.
- ఆయుధ చట్టానికి, వన్యప్రాణి చట్టానికి గల తేడాను గుర్తించగలుగుతారు.

1. పరిచయం

మీ ఊరి జాతరలోనో, తిరునాళ్లలోనో బుడగలు పేల్చే తుపాకిని మీరు చూసే ఉంటారు. పదో ఇరవయ్యో చెల్లించి మీరూ ఒకసారి గురి పెట్టి ఉండవచ్చు. అదే ఎయిర్‌గన్. ఇందులో మందుగుండు ఉండదు. నొక్కిపెట్టిన గాలి ఒక్కసారిగా వ్యాకోచించి చిన్న సీసపు గుండును ముందుకు నెడుతుంది. చరిత్ర విద్యార్థికి ఆటబొమ్మ వంటి ఈ వస్తువుతో ఏమి పని అని మీకు అనిపించవచ్చు. ఒకే వస్తువు యుద్ధంలో ఆయుధంగా, అడవిలో వేట సాధనంగా, ఒలింపిక్స్‌లో క్రీడా పరికరంగా మారిన తీరును పరిశీలిస్తే, సమాజం తన విలువలను ఎలా మార్చుకుంటుందో తెలుస్తుంది.

2. తొలి దశ

స్వీడన్ రాజధాని స్టాక్‌హోంలోని రాజ ఆయుధ మ్యూజియంలో సుమారు 1580 నాటి గాలి తుపాకి ఒకటి ఉంది. అది కొలిమితిత్తి సూత్రంపై పనిచేస్తుంది. రెండు శతాబ్దాల తరువాత, సుమారు 1780లో, ఆస్ట్రియా సైన్యం బార్తొలోమియో జిరాండోని రూపొందించిన గాలి రైఫిల్‌ను స్వీకరించింది. దాని మడమ భాగమే గాలి తొట్టి. చేతి పంపుతో సుమారు 1500 సార్లు కొడితేగాని అది నిండేది కాదు. కాని ఒకసారి నిండితే ఇరవైకి పైగా గుండ్లను వరుసగా, పొగ లేకుండా, తక్కువ శబ్దంతో పేల్చవచ్చు. మెరివెదర్ లూయిస్, విలియం క్లార్క్ 1803-1806 మధ్య ఉత్తర అమెరికాలో జరిపిన అన్వేషణ యాత్రలో ఒక గాలి రైఫిల్‌ను వెంట తీసుకువెళ్లారు. స్థానిక తెగలను కలిసినప్పుడు దానిని పేల్చి చూపి ఆశ్చర్యపరిచేవారు.

ఇంత ప్రయోజనం ఉన్నా సైన్యాలు దీనిని ఎందుకు వదిలిపెట్టాయి? తొట్టి సున్నితమైనది. మరమ్మతు కష్టం. వాడేవారికి ప్రత్యేక శిక్షణ కావాలి. సాంకేతికంగా మెరుగైన పరికరమే ఎల్లప్పుడూ నిలుస్తుందని భావించడం పొరపాటని దీనినిబట్టి గ్రహించవచ్చు.

3. సాలిం అలీ ఉదాహరణ

19వ శతాబ్దం చివరినాటికి స్ప్రింగుతో పనిచేసే చవకరకం ఎయిర్‌గన్‌లు కర్మాగారాల్లో తయారై పిల్లల చేతికి వచ్చాయి. బొంబాయిలో పెరిగిన సాలిం అలీ (1896-1987) వారిలో ఒకరు. బాల్యంలో ఆయన తన ఎయిర్‌గన్‌తో ఒక పిచ్చుకను కొట్టారు. దాని గొంతుపై పసుపు మచ్చ ఉంది. అదేమి పక్షో తెలియక మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీని అడిగారు. ఆయన బాలుణ్ణి బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ కార్యదర్శి డబ్ల్యు.ఎస్. మిల్లార్డ్ వద్దకు పంపారు. మిల్లార్డ్ పక్షిని గుర్తించడమే కాక, సొసైటీలో భద్రపరచిన పక్షుల నమూనాలను కూడా చూపించారు. భారతదేశపు సుప్రసిద్ధ పక్షిశాస్త్రవేత్త జీవితం అక్కడ మలుపు తిరిగింది.

ఈ సంఘటనకు మన ఆధారం ఆయన ఆత్మకథ. అది 1985లో, అంటే సంఘటన జరిగిన ముప్పావు శతాబ్దం తరువాత వెలువడింది. వృద్ధాప్యపు జ్ఞాపకానికీ, బాల్యంలోనే రాసుకున్న నోటుకూ తేడా ఉంటుంది. ఒక గూటి దగ్గర వారం రోజుల్లో ఎనిమిది మగ పిచ్చుకలను కొట్టానని, ప్రతిసారీ ఆడపిచ్చుకకు మరో మగపిచ్చుక తోడైందని ఆయన చిన్ననాటి నోటులో ఉంది. ఆ నోటులో పశ్చాత్తాపం కనిపించదు, పరిశీలన కనిపిస్తుంది. ఆ కాలపు పిల్లవాడికి అది తప్పు కాదు.

1931-32లో ఆయన నిజాం పాలనలోని హైదరాబాదు రాజ్యంలో పక్షుల సర్వే జరిపారు. అప్పుడు కూడా నమూనాల కోసం పక్షులను కాల్చి సేకరించడమే శాస్త్రీయ పద్ధతి. అదే వ్యక్తి తరువాతి కాలంలో భరత్‌పూర్ పక్షుల ఆవాసం కోసం, సైలెంట్ వ్యాలీ అడవి కోసం గొంతెత్తారు. ఆయనను నేటి కొలమానంతో నిందించడం సులభం. ఆ మార్పు ఎలా వచ్చిందో వివరించడమే చరిత్రకారుని పని.

4. చట్టాలు తెచ్చిన మార్పు

1878 ఆయుధ చట్టం భారతీయులపై లైసెన్సు నిబంధన విధించి, యూరోపియన్లకు మినహాయింపులు ఇచ్చింది. తుపాకి, దానితోపాటు వేట, హోదాకు గుర్తులయ్యాయి. స్వాతంత్ర్యానంతరం 1959 ఆయుధ చట్టం దాని స్థానంలో వచ్చింది. 2016 ఆయుధ నియమాల ప్రకారం 20 జౌళ్లకు మించిన శక్తి గాని, 4.5 మిల్లీమీటర్లకు మించిన గొట్టపు వ్యాసం గాని ఉన్న ఎయిర్‌గన్‌కు లైసెన్సు అవసరం.

ఇక్కడ చాలామంది పొరబడతారు. లైసెన్సు అక్కరలేని తుపాకితో పిట్టను కొట్టవచ్చని అనుకుంటారు. తుపాకి కలిగి ఉండటం ఒక చట్టం పరిధిలోనిది. దానితో ఏమి చేస్తామన్నది మరొక చట్టం పరిధిలోనిది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, ముఖ్యంగా 1991 సవరణ తరువాత, అధికారుల అనుమతి గల ప్రత్యేక సందర్భాల్లో తప్ప, రక్షిత జాబితాల్లోని వన్యప్రాణుల వేటను నిషేధించింది. చంపడమే కాదు, పట్టుకోవడం, చంపడానికి ప్రయత్నించడం, గూళ్లను, గుడ్లను పాడుచేయడం కూడా వేట కిందికే వస్తాయి.

అయితే చట్టం ఉన్నంత మాత్రాన అలవాటు పోదు. అరుణాచల్ ప్రదేశ్‌లో వేట తరతరాల ఆచారం. అక్కడ 2021లో ప్రారంభమైన ఎయిర్‌గన్ సరెండర్ అభియాన్‌లో గ్రామస్థులు తమ తుపాకులను స్వచ్ఛందంగా అప్పగించారు. శిక్ష చేయలేని పనిని కొన్నిసార్లు నచ్చజెప్పడం చేయగలదు.

5. క్రీడగా ఎయిర్‌గన్

10 మీటర్ల ఎయిర్ రైఫిల్ 1984 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో, ఎయిర్ పిస్టల్ 1988 సియోల్‌లో ప్రవేశించాయి. 2008 బీజింగ్‌లో అభినవ్ బింద్రా ఎయిర్ రైఫిల్‌లో సాధించిన స్వర్ణం వ్యక్తిగత విభాగంలో భారతదేశానికి మొదటిది. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్‌లో కాంస్యం గెలిచారు. హైదరాబాదుకే చెందిన ఈషా సింగ్ హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఎయిర్ పిస్టల్ రజతం సాధించారు.

పరికరం ఎంపికలో కూడా ఈ మార్పు కనిపిస్తుంది. వేటగాడు శక్తిని చూస్తాడు, క్రీడాకారుడు నిలకడను చూస్తాడు. స్ప్రింగు తుపాకి చవక, కాని పేలినప్పుడు కుదుపు ఎక్కువ. పోటీ రైఫిల్‌లో ముందే నింపిన గాలి సిలిండరు ఉంటుంది, కుదుపు దాదాపు ఉండదు. దాని శక్తి ఏడెనిమిది జౌళ్లు మాత్రమే. చదునైన తల గల గుండు కాగితంపై గుండ్రటి రంధ్రం చేస్తుంది. రైఫిల్ లక్ష్యంలో పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరే.

మీకు ఆసక్తి ఉంటే శిక్షకుని పర్యవేక్షణలో, రేంజిలో 4.5 మిల్లీమీటర్ల పరికరంతో ప్రారంభించండి. కొనేముందు అమలులో ఉన్న నిబంధనలను తెలుసుకోండి. కంటి రక్షణ తప్పనిసరి. ఖాళీగా ఉందనుకున్నా గొట్టాన్ని ఎవరివైపూ తిప్పవద్దు. జాతర తుపాకి అయినా కన్ను పోగొట్టగలదు.

6. సారాంశం

నాలుగు శతాబ్దాలకు పైగా గాలి తుపాకి మూల సూత్రం మారలేదు. మారింది దాని ముందు నిలిపిన లక్ష్యం: శత్రువు, పిట్ట, ఆ తరువాత కాగితం. ఈ మార్పు తనంతట తాను రాలేదు. చట్టం, విజ్ఞానం, ప్రజల అంగీకారం కలిసి తెచ్చాయి. ఇంకా పూర్తి కాలేదు కూడా. ఈసారి జాతరలో ఆ తుపాకి పట్టుకున్నప్పుడు ఈ సంగతి గుర్తుచేసుకోండి.

మీ ప్రగతిని పరిశీలించుకోండి

1. జిరాండోని రైఫిల్‌ను సైన్యం విడిచిపెట్టడానికి కారణాలేవి?
2. ఆత్మకథను చారిత్రక ఆధారంగా వాడేటప్పుడు ఏ జాగ్రత్త అవసరం?
3. మీ ప్రాంతంలో పూర్వం వేటకు వాడిన ఒక సాధనం గురించి పెద్దలను అడిగి తెలుసుకుని, దాని నేటి స్థితిని పది వాక్యాల్లో రాయండి.