గెలలు మనవే, మరి మూకుట్లో ఏ నూనె?

పోయినేడు మా అన్నయ్యకి స్టెంట్ వేశాక డాక్టరుగారు అడిగిన మొదటి మాట: "ఇంట్లో ఏ నూనె వాడతారు?" పామాయిల్ రైతులం, ఇంకేం చెబుతాం!

మన కామవరపుకోట తాతలకి ఈ నూనె తెలీదు. గానుగాడించిన పప్పునూనె, పండక్కి నెయ్యి, అంతే. 1937లో డాల్డా వచ్చింది. నెయ్యిలా పేరుకునేది, చవక. నూనెని అలా గట్టిపరిచేటప్పుడు పుట్టే ట్రాన్స్ కొవ్వు గుండెకి చేటని తెలిసేసరికి దశాబ్దాలు గడిచాయి. 2022 నుంచి మన దేశంలో నూనెల్లో, వనస్పతిలో అది 2 శాతం మించకూడదు.

దిగుమతులు తగ్గించాలని 1986లో కేంద్రం నూనెగింజల మిషన్ పెట్టింది. ఆ ఊపులోనే పామాయిల్ మన మెట్టకి వచ్చింది. 1995లో పెదవేగిలో పరిశోధన కేంద్రం కూడా వెలిసింది.

ఈ పంట మనకి అన్నం పెట్టింది, కాదనను. కానీ పామాయిల్‌లో దాదాపు సగం సంతృప్త కొవ్వే. అది చెడు కొలెస్ట్రాల్‌ని పెంచుతుంది. పప్పునూనెలో అది ఏడో వంతు, వేరుశనగ నూనెలో ఐదో వంతు లోపే.

అందుకే గెలలు ఫ్యాక్టరీకి తోలదాం. ఇంట్లో మాత్రం పప్పునూనె, వేరుశనగ నూనె, తవుడు నూనె మార్చి మార్చి, కాస్త తగ్గించి వాడదాం. ఒకసారి కాగిన నూనె మళ్ళీ కాచొద్దు. మీ ఇంట్లో ఏది వాడుతున్నారు?