అమ్మానాన్నల చేతికి మళ్లీ కంచం

1684లో లండన్‌లో 18వ ఏడు నడుస్తున్న అమ్మాయికి నెలసరి ఆగిపోయింది. తిండి తగ్గింది. రాత్రిళ్లు పుస్తకాలు వదిలేది కాదు. రెండేళ్ల తర్వాత చూసిన డాక్టర్ రిచర్డ్ మోర్టన్‌కు ఎముకల మీద చర్మం తప్ప ఏమీ కనిపించలేదు. జ్వరం లేదు, దగ్గు లేదు. మందులు కొన్నాళ్లు వాడి, ఇక నన్ను వదిలేయమని ఆమె బతిమాలుకుంది. మూడు నెలలకే సొమ్మసిల్లి చనిపోయింది. క్షయ మీద 1689లో అచ్చయిన తన పుస్తకంలో మోర్టన్ ఈ జబ్బుకు మూలం మనోవ్యథే అని రాశాడు. అంత తొందరగా నిజానికి అంత దగ్గరికి రావడం గొప్ప సంగతే.

తిండి మానేసి చిక్కిపోయే ఈ జబ్బుకు 'అనొరెక్సియా నెర్వోసా' అనే పేరు మాత్రం 1873లో లండన్ డాక్టర్ విలియం గల్ పెట్టాడు. ఆ ఏడే పారిస్‌లో డాక్టర్ షార్ల్ లాసెగ్ ఇలాంటి రోగుల ఇంటి భోజనాల బల్లను శ్రద్ధగా గమనించాడు. ఇంటివాళ్లు రకరకాలుగా వండిపెడతారు, బతిమాలతారు, బెదిరిస్తారు. వాళ్లు ఎంత వెంటపడితే అమ్మాయి అంత తక్కువ తింటుంది. ఇంతగా కనిపెట్టిన కాలం నేరం మాత్రం ఇంటివాళ్ల మీదే మోపింది. ఇలాంటి రోగిని చూసుకోవడానికి బంధువులు పనికిరారన్నాడు గల్. పారిస్ డాక్టర్ షార్కో అయితే ఆంగూలేమ్ నుంచి తీసుకొచ్చిన బాలికను విడిచి వెళ్లిపొమ్మని తల్లిదండ్రులకు గట్టిగా చెప్పాడు. ఆ పిల్ల కోలుకుంది కూడా. దాంతో పిల్లల్ని విడదీయడమే వైద్యమైపోయింది.

1914లో డాక్టర్ సిమండ్స్ పిట్యూటరీ గ్రంథి దెబ్బతిని చిక్కిపోవడాన్ని వర్ణించాక, చాలా ఏళ్లు డాక్టర్లు ఈ రెండు జబ్బులనూ కలిపేసి గ్రంథుల వెంట పడ్డారు. ఆ తర్వాత మనోవైద్యురాలు హిల్డే బ్రూక్ ఆ అమ్మాయిల మాటే ఓపిగ్గా విన్నది. తమ బతుకులో ఏదీ తమ చేతిలో లేదనే బాధ వాళ్లలో కనిపెట్టింది. అయినా వేలు తల్లుల వైపే చూపింది.

ఆ నింద తప్పని నా గట్టి నమ్మకం. లండన్‌లోని మాడ్‌స్లీ ఆసుపత్రి వైద్యులు తల్లిదండ్రులనే వైద్యంలో భాగం చేశారు. చిన్న వయసులో మొదలై మూడేళ్లు దాటని జబ్బుకు ఒంటరి కౌన్సెలింగ్ కన్నా కుటుంబంతో కలిసి చేసే చికిత్సే మేలని 1987లో చూపించారు. 2019లో సుమారు 17 వేల మంది రోగుల జన్యువులు పరిశీలిస్తే ఈ జబ్బుతో ముడిపడిన ఎనిమిది చోట్లు తేలాయి. మనసుతోపాటు ఒంటి జీవక్రియకూ ఇందులో పాత్ర ఉందని అప్పుడు తెలిసింది.

మీ ఇంట్లో పిల్ల కంచం ముందు నుంచి తరచూ లేచిపోతుంటే తిట్టకండి, మిమ్మల్ని మీరు నిందించుకోకండి. ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు చూపించండి.