ధరల ఒడుదుడుకులకు కొలత

సముద్రము అల్లకల్లోలముగా నున్ననాడు, మరునాడు గూడ అలలు పెద్దవిగానే యుండునని జాలరి చెప్పగలడు. కాని ఏ అల పడవను ఏ ప్రక్కకు నెట్టునో అతడు చెప్పలేడు. షేరు బజారు సంగతియు ఇట్టిదే. రేపు ధర పెరుగునా, తరుగునా యని చెప్పుట దాదాపు అసాధ్యము. రేపటి మార్పు పెద్దదా, చిన్నదా యనునది మాత్రము కొంతవరకు ముందుగా చెప్పవచ్చును. ఈ రెండు ప్రశ్నలును వేరువేరని గుర్తించి, రెండవదానికి లెక్క కట్టుటకు శాస్త్రజ్ఞులకు ఎనుబది సంవత్సరములు పట్టెను.

కొలత యేది?

రెండు షేర్ల ధరలను అయిదు దినములు చూచితి మనుకొందము. మొదటిదాని ధర వరుసగా 100, 101, 100, 101, 100 రూపాయలు. రెండవదాని ధర 100, 110, 98, 107, 100 రూపాయలు. తుదకు రెండింటను లాభము లేదు, నష్టము లేదు. కాని మొదటినాడు కొని, మూడవనాడు డబ్బు అవసరమై అమ్ముకొనవలసి వచ్చినవానికి రెండవ షేరు నష్టము తెచ్చును, మొదటిది తేదు.

కాబట్టి సగటు రాబడి ఒక్కటి చాలదు. ప్రతిదినపు శాతపు మార్పు సగటునుండి ఎంత తొలగియున్నదో చూచి, ఆ తేడాలను వర్గము చేసి, వాని సగటు కట్టవలెను. దీనికి విస్తృతి యని పేరు. విస్తృతియొక్క వర్గమూలము క్రమవిచలనము. ఒడుదుడుకునకు ఇదియే కొలత. వర్గము చేయుటచేత పెరుగుదల, తరుగుదల అను భేదము పోయి, మార్పుయొక్క పరిమాణము మాత్రమే మిగులును.

పారిస్ నగరపు సిద్ధాంతవ్యాసము

1900వ సంవత్సరము మార్చి 29వ తేదీన లూయీ బాషెలియే అను యువకుడు పారిస్‌లో తన సిద్ధాంతవ్యాసమును పరీక్షకుల యెదుట సమర్థించెను. ప్రసిద్ధ గణితవేత్త ఆన్రీ పొయంకారే వారిలో ఒకడు. ఫ్రెంచి ప్రభుత్వ ఋణపత్రముల ధరలు ఎట్లు మారుచుండునన్నది అందలి విషయము. కొనువాడు ధర పెరుగునని తలచును. అమ్మువాడు తరుగునని తలచును. ఇద్దరి తలంపులును సరితూగినచోటనే బేరము కుదురును. కనుక తరువాతి అడుగు ఏ దిక్కునకైనను పడవచ్చునని బాషెలియే వాదించెను. ఇట్టి నడకలో మార్పు కాలముతో సమముగా పెరుగక, కాలముయొక్క వర్గమూలముతో పెరుగును. ఒకదినపు క్రమవిచలనము 1 శాతమైనచో, 4 దినములకు 2 శాతము, 16 దినములకు 4 శాతము అగును.

నీటిలో తేలు సూక్ష్మకణముల చలనమునకు ఐన్‌స్టయిన్ ఇదే వర్గమూల నియమమును 1905లో కనుగొనెను. ఐనను బాషెలియే కృషిని ఆర్థికవేత్తలు అర్ధశతాబ్దము పట్టించుకొనలేదు. ఆ వ్యాసమునకు ఆంగ్లానువాదము 1964లో వెలువడెను.

పత్తి ధరలు చెప్పినది

బాషెలియే లెక్కలో రెండు ఊహలు కలవు: మార్పులు గంట ఆకారపు వక్రము ననుసరించుననుట ఒకటి, ఒడుదుడుకు ఎల్లప్పుడు ఒకే తీరున నుండుననుట రెండవది. మొదటి ఊహ నిజమైనచో, క్రమవిచలనమునకు అయిదు రెట్లు మించిన మార్పు సుమారు 17 లక్షల దినములలో ఒక్కసారి రావలెను. బజారు ఏటికి 250 దినములు తెరచియుండును గనుక, ఏడు వేల సంవత్సరముల కొకసారి యన్నమాట!

1963లో బెన్వా మాండెల్‌బ్రో పత్తి ధరల పట్టికలను పరిశీలించి, పెద్ద మార్పులు ఈ లెక్కకు మించి తరచుగా వచ్చుచున్నవని చూపెను. పెద్ద మార్పు వెంట పెద్ద మార్పే, చిన్న మార్పు వెంట చిన్న మార్పే వచ్చుచుండునని గూడ ఆయన గమనించెను. ఐతే తరువాతి మార్పు పైకో క్రిందికో తెలియదు. దీనితో బాషెలియే ఊహలు రెండును దెబ్బతినెను.

ఎంగిల్ సూత్రము

1973లో బ్లాక్, షోల్స్ అనువారు ఆప్షను ధరకు సూత్రము ప్రకటించిరి. ముందుగా నిర్ణయించిన ధరకు కొనుటకో అమ్ముటకో గల హక్కే ఆప్షను. ఆ సూత్రమునకు షేరుధర, ఒప్పందపు ధర, గడువు, వడ్డీ, ఒడుదుడుకు అను అయిదు అంకెలు కావలెను. మొదటి నాలుగును కాగితముపై కనబడును. అయిదవది రాబోవు దినములకు సంబంధించినది. దానిని అంచనా వేయవలసినదే.

ఆ అంచనాకు మార్గమును 1982లో రాబర్ట్ ఎంగిల్ చూపెను. బ్రిటనులో వస్తువుల ధరలు పెరిగిన తీరును పరిశీలించుచు, నేటి విస్తృతి నిన్నమొన్నటి తప్పుల వర్గములపై ఆధారపడునని ఆయన సూత్రీకరించెను. ఆయన శిష్యుడు బొలర్‌స్లెవ్ 1986లో దానిని విస్తరించెను. ఎంగిల్ 2003లో ఆర్థికశాస్త్రపు నోబెల్ బహుమానమున భాగము పొందెను.

దీని సులభరూపమును 1994లో జె.పి. మోర్గాన్ బ్యాంకు ప్రచారములోనికి తెచ్చెను. పాత విస్తృతికి 0.94 వంతు, నేటి మార్పుయొక్క వర్గమునకు 0.06 వంతు ఇచ్చి కూడవలెను. నిన్నటి అంచనా 1 శాతము, నేటి మార్పు 4 శాతము అనుకొందము. అప్పుడు 0.94 × 1 + 0.06 × 16 = 1.90. దీని వర్గమూలము సుమారు 1.4. అనగా రేపటి ఒడుదుడుకు అంచనా 1 నుండి 1.4 శాతమునకు పెరిగినది. ధర 4 శాతము పెరిగినను, తరిగినను ఫలిత మొక్కటే.

మన దేశమున సూచికల ఫ్యూచర్సు వ్యాపారము 2000లో ఆరంభమైనది. దానికి ముందు 1998లో సెబీ నియమించిన వర్మ సంఘము, వ్యాపారి చెల్లించవలసిన ధరావతును ఈ 0.94 లెక్కతోనే నిర్ణయింపవలెనని సూచించెను. ఒడుదుడుకు పెరిగినకొలది ధరావతు పెరుగును. ఒకడు ఓడి చేతులెత్తివేసినచో ఆ నష్టము ఇతరులపై పడకుండుటకే ఈ ఏర్పాటు.

తెలియని మొదటి అల

1987 అక్టోబరు 19న న్యూయార్కులో డౌ జోన్సు సగటు ఒక్కదినమున 22.6 శాతము పడిపోయెను. ముందటి దినముల లెక్క లేవియు ఇంతటి పతనమును సూచింపలేదు. 1993లో చికాగోలో ఆప్షను ధరలనుండి ఒడుదుడుకును వెనుకకు లెక్కించు వి.ఐ.ఎక్స్. సూచిక వెలువడెను, 2008లో మన జాతీయ స్టాక్ ఎక్స్‌ఛేంజియు అట్టి సూచికను ప్రారంభించెను. 2020 మార్చి 16న వి.ఐ.ఎక్స్. 82.69కి చేరెను. కాని అప్పటికే ధరలు కొన్ని వారములుగా పడుచుండెను.

జాలరి రేపటి అలలను చెప్పగలుగుట నేటి అలలను చూచినందువలననే. ఎంగిల్ సూత్రమును అంతే. మొదటి అల ఎప్పుడు లేచునో అది చెప్పదు. లేచిన పిమ్మట ఎంత జాగ్రత్త పడవలెనో చెప్పును. ఈ భేదము మరచి, కొలతను భరోసాగా తలచినవాడు మొదటి అలకే పడవను పోగొట్టుకొనును.