లెక్కలోకి వచ్చే చదువు

మా నాన్నగారు విశాఖ ఉక్కు మనిషి. బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర పాతికేళ్లు పనిచేసి రిటైరయ్యారు. అమ్మా ఆయనా మొదటిసారి నెదర్లాండ్స్‌లో మా ఇంటికి వచ్చినప్పుడు ఏం చూస్తారని అడిగాను. అమ్మ తులిప్ తోటలంది. ఆయన మాత్రం, "ఇక్కడ సముద్రం ఒడ్డున స్టీల్ ప్లాంటుందంట కదమ్మా, అదోసారి చూపించు" అన్నారు.

తీసుకెళ్లాను. ఆ ఊరి పేరు ఐమౌడెన్. మేముండే లైడెన్‌ నుంచి కారులో గంట కూడా పట్టదు. ఇసుక దిబ్బల వెనక పొగగొట్టాలు కనబడగానే నాన్న సీట్లో నిటారుగా కూర్చున్నారు. ఆ కంపెనీ 1918లో హోఖోవెన్స్ పేరుతో పుట్టింది. 1999లో బ్రిటిష్ స్టీల్‌తో కలిసి కోరస్ అయింది. 2007లో టాటాల చేతికొచ్చింది. బోర్డు మీద టాటా పేరు చదువుకుని నాన్న కాసేపు అక్కడినుంచి కదల్లేదు. తర్వాత, "వీళ్ల ఫర్నేసుల పేర్లేటమ్మా?" అన్నారు.

"పేర్లుండవు నాన్నా, నంబర్లే. ఆరు, ఏడు."

"మనవి గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ" అన్నారు, ఇంట్లో ఆడపిల్లల పేర్లు చెబుతున్నట్టు.

ఆరోజు తిరుగు దారిలో ఆయనకు చెప్పిన సంగతులే ఇప్పుడు మీకూ రాస్తున్నాను. గాజువాక, కూర్మన్నపాలెం వైపు పెరిగినవాళ్లకి యూరప్ ఎలా ఒకటైందో చెప్పాలంటే ఉక్కుతో మొదలుపెట్టడమే న్యాయం. నిజంగానే అది ఉక్కుతో మొదలైంది. 1950 మే 9న ఫ్రాన్స్ విదేశాంగ మంత్రి రాబర్ట్ షూమన్ ఒక ప్రతిపాదన చేశాడు. ఫ్రాన్స్, జర్మనీల బొగ్గునూ ఉక్కునూ ఒకే ఉమ్మడి అధికారం కిందికి తెద్దామన్నాడు. తుపాకీ కావాలన్నా ట్యాంకు కావాలన్నా ముందు ఉక్కు కావాలి. పొరుగువాడి కొలిమిలో ఏం కాలుతోందో నాకు తెలిసి, నా కొలిమి సంగతి వాడికీ తెలిస్తే, ఒకరికి తెలియకుండా ఒకరు యుద్ధానికి దిగడం కుదరదు. 1951 ఏప్రిల్ 18న పారిస్‌లో ఆరు దేశాలు సంతకం చేశాయి. నెదర్లాండ్స్ అందులో ఒకటి. ఇవాళ్టి యూరోపియన్ యూనియన్‌కి పునాది ఆ ఒప్పందమే.

మనం ఉక్కును హక్కుగా అడిగాం. 1966లో దానికోసం విశాఖ వీధుల్లో ప్రాణాలు పోయాయి. వీళ్లు ఉక్కును ఒకరికొకరు జామీనుగా పెట్టుకున్నారు. నాన్న ఈ మాట విని చాలాసేపు ఏమీ అనలేదు.

కొలిములు కలిసిన 36 ఏళ్లకు గానీ తరగతి గదులు కలవలేదు. ఇంత ఆలస్యం ఎందుకైందో అర్థం కావాలంటే ఈ దేశం ఏం చూసిందో తెలియాలి.

విశాఖవాళ్లకి డచ్చివాళ్లు సమాధుల ద్వారా తెలుసు. భీమిలిలో సముద్రం దగ్గర వాళ్ల పాత సమాధుల తోట ఉంది కదా. 17వ శతాబ్దంలో మన తీరానికి వచ్చి బట్టల వ్యాపారం చేసి, కోరమాండల్ తీరం నుంచి బట్టలతోపాటు మనుషుల్ని కూడా బానిసలుగా ఓడలెక్కించిన కంపెనీ వాళ్లది. అది మరచిపోయి ఈ దేశాన్ని పొగడలేను. కానీ అంతకు కొంచెం ముందే ఇక్కడ ఇంకో చరిత్ర కూడా నడిచింది. 1574లో స్పెయిన్ సైన్యం లైడెన్‌ను ముట్టడించింది. ఊళ్లో జనం ఆకలితో, తెగుళ్లతో వేలల్లో చచ్చారు. చివరికి కట్టలు తెంచి పొలాల మీదికి నీళ్లు వదిలి, ఆ నీళ్ల మీద పడవల్లో వచ్చి ఊరిని విడిపించారు. అది అక్టోబర్ 3. ఇప్పటికీ ఏటా ఆ రోజు ఊరంతా హెర్రింగ్ చేపలూ తెల్ల రొట్టే పంచుకుని తింటారు. అంత ఓర్చుకున్న ఊరికి విలియం ఆఫ్ ఆరెంజ్ ఇచ్చిన బహుమానం ఒక విశ్వవిద్యాలయం. 1575 ఫిబ్రవరి 8న మొదలైంది. ఆకలి తీరిన ఊరికి మరుసటేడే బడి ఇచ్చారన్న ఈ కథ నాకు ఎన్నిసార్లు విన్నా గొంతు పట్టేస్తుంది.

ఆ బడికి స్కాట్లాండ్ నుంచి, జర్మన్ సంస్థానాల నుంచి, స్కాండినేవియా నుంచి కుర్రాళ్లు నడిచీ పడవలెక్కీ వచ్చారు. విద్యార్థి అయితే బీరు మీద, వైను మీద పన్ను కూడా ఉండేది కాదు. పాఠం లాటిన్‌లో కాబట్టి ఎక్కడివాడికైనా అర్థమయ్యేది. మన రోటర్‌డామ్ పండితుడు ఎరాస్మస్ అంతకు ముందు తరంవాడు. పారిస్‌లో చదివి, 1506లో టూరిన్‌లో డాక్టరేటు తీసుకుని, కేంబ్రిడ్జ్‌లో పాఠాలు చెప్పి, లూవెన్‌లో ఉండి, 1536లో బాసెల్‌లో కన్నుమూశాడు. "మన" అని రాశాను. ఇన్నేళ్లున్నాక చేయి అలాగే రాసింది, దిద్దను.

ఆ పాత రాకపోకలన్నీ దేశాల సరిహద్దులు బిగిసినకొద్దీ తగ్గాయి. 1940కి వచ్చేసరికి పూర్తిగా విరిగిపోయాయి. మే 14న జర్మన్ విమానాలు రోటర్‌డామ్ నడిబొడ్డును కాల్చేశాయి. నవంబర్‌లో యూదు అధ్యాపకుల్ని ఉద్యోగాల నుంచి తీసేశారు. అలా పోయినవాళ్లలో మైయర్స్ అనే లైడెన్ న్యాయశాస్త్ర ఆచార్యుడొకరు. ఆయన శిష్యుడు క్లెవెరింఖా అప్పుడు ఆ విభాగానికి డీన్. నవంబర్ 26న మైయర్స్ పాఠం చెప్పాల్సిన గంటలో క్లెవెరింఖా వేదికెక్కి తన గురువు ఎంత గొప్పవాడో, జరిగింది ఎంత అన్యాయమో చెప్పి దిగాడు. మర్నాడు అరెస్టు చేశారు. విద్యార్థులు సమ్మె చేశారు, యూనివర్సిటీ మూతపడింది. ఆ ప్రసంగాన్ని రాత్రికి రాత్రి కాపీలు తీసి దేశమంతా పంచింది విద్యార్థులే. మన ఆంధ్ర విశ్వవిద్యాలయం కూడా 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద జపాన్ బాంబులు పడ్డాక వాల్తేరు వదిలి గుంటూరు పోవలసి వచ్చిందని ఇక్కడి మిత్రులకు చెబితే, యుద్ధం అంతదూరం వచ్చిందా అని ఆశ్చర్యపోతారు.

మా పక్కింటి పెద్దావిడకు 1944–45 చలికాలంలో ఏడేళ్లు. ఆ చలికాలంలో ఈ ప్రాంతంలో సుమారు 20,000 మంది తిండిలేక పోయారు. ఆవిడ తులిప్ గడ్డలు ఉడకబెట్టుకుని తిన్నది. అందుకే అమ్మ తులిప్ తోటలు చూసి మురిసిపోయి వచ్చి చెబుతుంటే ఆవిడ చిన్నగా తలూపి ఊరుకుంది. ఆవిడ మనవరాలు మూడో ఏడాది చదువులో ఒక సెమిస్టర్‌కి జర్మనీలోని గాటింగెన్‌కి వెళ్లింది. అమ్మమ్మ నోరు మెదపలేదు. రెండు నెలలయ్యాక మనవరాలిని చూడ్డానికి రైలెక్కింది. ఎనభై దాటాక ఆవిడ జర్మనీలో అడుగుపెట్టడం అదే మొదటిసారట. తిరిగొచ్చాక నాకు చెప్పింది ఒక్కటే: ఆ పిల్ల గదికి ఎదురు గదిలో ఉన్న జర్మన్ అబ్బాయి వాళ్ల తాత సంగతులు అడగకుండానే చెప్పాడట, తాను కూడా చెప్పిందట.

ఆ పిల్లను గాటింగెన్ పంపిన పథకం పేరే ఎరాస్మస్. 1987 జూన్‌లో ఆమోదం పొందింది. మొదటి ఏడాది 11 దేశాల నుంచి వెళ్లింది 3,244 మంది. ఇప్పటికి లెక్క కోటిన్నర దాటింది. దీని వెనక చాలామంది ఉన్నారు గానీ, నేను చెప్పాలనుకునేది ఒక ఆడమనిషి కథ.

సోఫియా కొరాదీ రోమ్‌లో లా చదివేది. ఫుల్‌బ్రైట్ స్కాలర్‌షిప్ మీద అమెరికాలో కొలంబియా యూనివర్సిటీకి వెళ్లి మాస్టర్స్ చేసింది. 1958లో తిరిగొచ్చి, అక్కడి చదువును తన డిగ్రీలో కలపమని రోమ్‌లో ఆఫీసుకు వెళ్లింది. అక్కడివాళ్లు కుదరదన్నారు. అందరి ముందూ అవమానించి పంపారు. ఆ అవమానాన్ని ఆమె మింగి ఊరుకోలేదు. 1969లో ఒక ప్రతిపాదన రాసింది: విద్యార్థి ముందే ఒప్పుకున్న పాఠాలు పరాయి యూనివర్సిటీలో చదివి పాసైతే సొంత యూనివర్సిటీ వాటిని తన లెక్కలో రాసుకోవాలి. అంతే. ఆ ఒక్క వాక్యం చుట్టూ 18 ఏళ్లు తిరిగింది. ఇటలీలో ఆమెను అమ్మ ఎరాస్మస్ అని పిలుచుకున్నారు.

ఈ కథ చదివినప్పుడు నాకు ఏడుపొచ్చింది. నేను హైదరాబాద్‌లో మేనమామగారింట్లో ఉండి బీఎస్సీ చదువుతుండగా ఇంట్లో అనారోగ్యం వచ్చి రెండో ఏడాది విశాఖ రావాల్సి వచ్చింది. టీసీ, మైగ్రేషన్ సర్టిఫికెట్, మార్కుల జాబితా అన్నీ ఫైల్లో పెట్టుకుని ఒక కాలేజీకి వెళ్లాం. "సిలబస్ వేరు, మళ్లీ ఫస్టియర్‌లో చేరాలి" అన్నారు. అదే ఓమ్స్ నియమం, అదే బెంజీన్ వలయం. ఒక యూనివర్సిటీలో నేర్చుకున్నది ఇంకో యూనివర్సిటీ గుమ్మం దాటగానే నేర్చుకోనట్టయింది. ఒక సంవత్సరం పోయింది. ఆ తర్వాత కొన్నేళ్లకు ఎరాస్మస్ ముండస్ కింద రెండు దేశాల్లో చెరో ఏడాది మాస్టర్స్ చదివాను. యూరప్ బయటివాళ్ల కోసం 2004లో మొదలైన ఈ స్కాలర్‌షిప్పుల్లో భారతీయులు ముందు వరసలో ఉంటారు. మొదటి దేశంలో నేను పాసైన సబ్జెక్టుల గురించి రెండో దేశంలో ఎవరూ ఒక్క ప్రశ్న కూడా వేయలేదు.

అందులో మంత్రమేమీ లేదు, పద్ధతి ఉంది. ఏడాది చదువంటే 60 క్రెడిట్లు. ఒక్కో క్రెడిట్ అంటే విద్యార్థి పడే 25 నుంచి 30 గంటల శ్రమ, క్లాసులో కూర్చున్నదీ ఇంట్లో చదివిందీ కలిపి. బయలుదేరే ముందే ఒక ఒప్పంద పత్రం మీద ముగ్గురు సంతకం చేస్తారు: విద్యార్థి, పంపేవాళ్లు, చేర్చుకునేవాళ్లు. ఏ సబ్జెక్టు బదులు ఏ సబ్జెక్టో అందులోనే ఉంటుంది. వెళ్లినచోట ఫీజు కట్టక్కర్లేదు, సొంత చోట కట్టిన ఫీజే చాలు. ఖర్చులకు కొంత డబ్బిస్తారు, అది అందరికీ సరిపోదు, లేనింటి పిల్లలు ఇప్పటికీ తక్కువే వెళ్తారు. 1999 జూన్ 19న బొలోన్యాలో 29 దేశాల మంత్రులు డిగ్రీల అంచెలు కూడా ఒకే తీరుగా ఉండాలని ఒప్పుకున్నారు. 2002లో నెదర్లాండ్స్ తన పాత పట్టాలను వదిలి బ్యాచిలర్, మాస్టర్ పద్ధతిలోకి వచ్చింది. ఆ వివరాల్లోకి పోను.

ఇక్కడ అంతా సుఖమేనని కాదు. బయటి విద్యార్థులు పెరిగేసరికి లైడెన్‌లో, ఆమ్‌స్టర్‌డామ్‌లో అద్దె గది దొరకడం గగనమైంది. పాఠాలన్నీ ఇంగ్లిష్‌లోకి పోతే డచ్ భాష గతేమిటన్న బాధ పెద్దవాళ్లలోనే కాదు, కుర్రాళ్లలోనూ ఉంది. డచ్‌లో బోధన పెంచాలని కొన్నేళ్లుగా పార్లమెంటులో వాదనలు నడుస్తున్నాయి. తెలుగుదాన్ని, ఆ బాధ నాకు పరాయిది కాదు.

చదువుకోసం వచ్చే పరాయివాడికి చోటివ్వడం మనకు కొత్త అని ఎవరైనా అంటే ఒప్పుకోను. నాగార్జునకొండలో ఇక్ష్వాకుల నాటి ప్రాకృత శాసనం ఒకటుంది. బోధిసిరి అనే ఉపాసిక సింహళం నుంచి వచ్చిన ఆచార్యుల కోసం చైత్యగృహం కట్టించిందని అందులో ఉంది. సింహళ విహారం పేరూ ఉంది. ఆ శాసనాల్ని చదివి ప్రచురించిన వోగెల్ మా లైడెన్‌లో సంస్కృత ఆచార్యుడు. కృష్ణ ఒడ్డున చెక్కిన మాటలు ఈ కాలవల ఊరికి వచ్చి వెలుగు చూశాయి.

ఇప్పుడు మన సంగతి. 1973లో రాజ్యాంగంలోకి 371-డి అధికరణ వచ్చింది, 1974లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. ఆంధ్ర, ఉస్మానియా, శ్రీవేంకటేశ్వర అని మూడు యూనివర్సిటీల ప్రాంతాలుగా అప్పటి ఉమ్మడి రాష్ట్రాన్ని విడదీసి, సీట్లలో 85 శాతం స్థానికులకు ఉంచారు. వెనకబడ్డ ప్రాంతాల పిల్లలకు అన్యాయం జరగకూడదని చేసిన పని అది, అప్పుడు న్యాయమే. ఉత్తరాంధ్ర మనిషిని, ఆ రక్షణ విలువ నాకు తెలుసు. అయితే ఎరాస్మస్ ఎవరి సీటూ తీసుకోదు. ఒకరు వెళ్తారు, ఒకరు వస్తారు. వాల్తేరు నుంచి పదిమంది ఉస్మానియాకి ఆరు నెలలు వెళ్తే అక్కడినుంచి పదిమంది వాల్తేరుకి వస్తారు. సీట్ల లెక్క మారదు. క్రెడిట్ల లెక్కకు కూడా ఇప్పుడు అడ్డు లేదు. 2021లో కేంద్రం అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ తెరిచింది. కావాల్సింది రెండు సంతకాలు, వాటితో పాటు ఎదుటి యూనివర్సిటీ మాస్టారు వేసిన మార్కు మీద నమ్మకం. బాంబులు వేసినవాళ్ల మార్కుల్ని నమ్మడానికి డచ్చివాళ్లకు నలభై ఏళ్లు పట్టింది. మన మధ్య జరిగింది ఒక రాష్ట్ర విభజన, యుద్ధం కాదు.

నాన్న విశాఖ వెళ్లిపోయాక ఫోన్లో ఈ మాటే మళ్లీ ఎత్తారు. మా అన్నయ్య కొడుకు ఏయూలో చేరాడు, వాడికి ఒక సెమిస్టర్ ఉస్మానియాలో చదవాలనుంది. "అంతదూరం ఎందుకురా అంటే, తాతా, సాయంత్రం గోదావరి రైలెక్కితే తెల్లారేసరికి నాంపల్లిలో దిగుతాను కదా అంటన్నాడమ్మా" అన్నారు. అడగమన్నాను. దరఖాస్తు ఎవరికి పెట్టాలో కనుక్కుంటున్నాడట.