బొమ్మ మన్యముది, గొంతు మద్రాసుది

కృష్ణదేవిపేటలో అల్లూరి సీతారామరాజు సమాధియొద్ద ఒక వర్ధంతినాడు ధ్వనివర్ధకమున 'తెలుగువీర లేవరా' అను పాట మ్రోగుచుండగా, నా తరగతి బాలుడొకడు "మాస్టారూ, ఆ గొంతు రాజుగారిదేనా అండీ?" అని యడిగెను. కాదంటిని. "మరి రాజుగారి గొంతు ఎక్కడుందండీ?" అనెను. నాకు బదులు తోచలేదు.

రాజు 1922 ఆగష్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి ఠాణాలపై పడెను. 1924 మే 7న కొయ్యూరు ప్రాంతమున కాల్చి చంపబడెను. ఆనాటి గ్రామఫోను కంపెనీలు గాయకుని ఒక పెద్ద బాకావంటి గొట్టములోనికి పాడించి, ఆ ఊపిరి బలముతోనే మైనముపై గీతలు గీయించుచుండెడివి. మైక్రోఫోనుతో రికార్డులు తీయు పద్ధతి వ్యాపారమునకు వచ్చినది 1925లో. బాకా యుగమైనను, మైకు యుగమైనను, అడవిలో పోలీసులు వెదకుచున్న వానికొరకు కంపెనీవా రెవరు వత్తురు?

అర్ధశతాబ్దము గడచిన పిమ్మట 1974 మే 1న కృష్ణగారి 'అల్లూరి సీతారామరాజు' విడుదలయ్యెను. తెలుగున మొదటి సినిమాస్కోపు చిత్రమది. బొమ్మను చింతపల్లి కొండలలో తీసిరి; పాటను మద్రాసులో కట్టిరి. శ్రీశ్రీ వ్రాసెను, పి. ఆదినారాయణరావు స్వరపరచెను, ఘంటసాల, వి. రామకృష్ణ పాడిరి. చిత్రము వెలువడకముందే, ఫిబ్రవరి 11న, ఘంటసాల కన్నుమూసెను. ఈ గీతమునకు శ్రీశ్రీకి జాతీయ పురస్కారము లభించెను.

తెర వెడల్పయినది గాని ధ్వని వెడల్పు కాలేదు. బహుముఖ ధ్వనితో 70 మిల్లీమీటర్ల తెలుగు చిత్రము, అదియు కృష్ణగారిదే, 1986లో 'సింహాసనము'తో గాని రాలేదు. 1974నాటి మద్రాసు స్టూడియోలలో సాధారణముగా వాద్యబృందమును గాయకులును ఒక్కచోట కూడి ఒక్క ఊపున పాడవలెను. ఒకరు తప్పిన అందరును మరల మొదలు. అట్టిచో ఏది ముందుండవలెనో ముందే నిర్ణయింపవలెను. ఈ పాటలో మాట ముందు, వాద్యము వెనుక. సమాధియొద్ద రేకు బాకాలో మంద్రధ్వనులన్నియు మాయమైనను ఒక్క అక్షరము పోదు. అది సరియైన యెన్నికయే యని నా తలంపు. సాహిత్యము వినబడని ప్రబోధగీతమెందులకు?

అయితే ఎన్నికకు మూల్యముండును. దానిని చూడవలెనన్న ఒక్కమారు జమైకాద్వీపమునకు పోవలెను. అచటి రెగ్గే సంగీతమున మాటకన్న డోలును, బేస్ గిటారును పెద్దలు. బాబ్ మార్లీ, పీటర్ టోష్, బన్నీ లివింగ్‌స్టన్‌ల వైలర్స్ బృందము కింగ్‌స్టన్‌లో రికార్డు చేసిన టేపులకు లండనులో క్రిస్ బ్లాక్‌వెల్ అను ప్రచురణకర్త రాక్ సంగీతప్రియులకు రుచించుటకై వేయిన్ పెర్కిన్స్ గిటారును, రాబిట్ బండ్రిక్ కీబోర్డును పైన చేర్పించెను. అదియే 1973నాటి 'క్యాచ్ ఏ ఫైర్'. ఆ మెరుగువలననే వారి పాట సముద్రములు దాటెను. కాని మూలపు టేపులు నిలిచియున్నవి. 2001లో వానిని గూడ వెలువరించిరి. పొరుగింటివాని కొరకు ఏమి చేర్చిరో ఇపుడెవరైనను రెండును ప్రక్కప్రక్కన విని తెలిసికొనవచ్చును.

మన పాటకు అట్టి మొదటి టేపు లేదు. గాము గంటము దొర పుట్టిన జనుల గొంతు దానిలో ఏ దశయందును చేరలేదు. పైపూతను ఒలిచినను క్రింద మన్యము కానరాదు. ఇది శ్రీశ్రీ తప్పుగాని, ఆదినారాయణరావు తప్పుగాని కాదు. వారు సినిమాపాట చేయబూనిరి, చక్కగా చేసిరి. పండితులమని చెప్పుకొను మావంటివారము మాత్రము ఆ కొండలక్రిందనే ఛందస్సు చెప్పుచు కూర్చుంటిమి.

మొన్న ఆ బాలుడే తన నాయనమ్మ పాడిన దంపుడుపాటను సెల్‌ఫోనులో పట్టి తెచ్చెను. దానిలో కోడికూతయు, రోకటిపోటును, నడుమ ఆమె దగ్గును గూడ పడినవి. "ఇవన్నీ తీసేసి బాగు చేయించమంటారా మాస్టారూ?" అని యడిగెను. వలదంటిని.