రాఘవేంద్రస్వామి వంశపు వీణా విద్య

మంత్రాలయ క్షేత్రంలో బృందావనస్థులైన శ్రీ రాఘవేంద్రస్వామి ద్వైత వేదాంత ఆచార్యులుగా సుప్రసిద్ధులు. ఆయన పూర్వీకులు విజయనగర ఆస్థానంలో వీణా విద్వాంసులు. స్వామివారు కూడా పూర్వాశ్రమంలో వీణా వాదనంలో ప్రవీణులని సంప్రదాయం చెబుతుంది. మంత్రాలయం కర్నూలు జిల్లాలో తుంగభద్రా నది ఒడ్డున ఉన్నది.

వంశ చరిత్ర

ఈ వంశ వివరాలకు ముఖ్యమైన ఆధారం స్వామివారి మేనల్లుడు నారాయణాచార్యుడు సంస్కృతంలో రచించిన 'రాఘవేంద్ర విజయం' అనే కావ్యం. దీని ప్రకారం స్వామివారి ముత్తాత కృష్ణభట్టు. ఈయన శ్రీకృష్ణదేవరాయల (పాలన 1509-1529)కు వీణ నేర్పిన గురువు. రాయలు ఆయనకు గురుదక్షిణగా ఆభరణాలు సమర్పించాడని చెబుతారు. కృష్ణభట్టు కుమారుడు కనకాచలభట్టు, ఆయన కుమారుడు తిమ్మణ్ణభట్టు. తిమ్మణ్ణభట్టు, గోపికాంబ దంపతుల సంతానం గురురాజు, వెంకటాంబ, వేంకటనాథుడు. ఈ వేంకటనాథుడే తరువాతి కాలంలో రాఘవేంద్రస్వామి.

ఆనాటి వీణ

విజయనగర కాలంలో వీణకు మెట్లు అమర్చే పద్ధతి పెద్ద చర్చనీయాంశంగా ఉండేది. అళియ రామరాయల ఆశ్రితుడైన రామామాత్యుడు 1550లో రచించిన 'స్వరమేళకళానిధి'లో శుద్ధమేళ వీణ, మధ్యమేళ వీణ, అచ్యుతరాజమేళ వీణ అనే భేదాలను వివరించాడు. ఏకరాగమేళ వీణలో రాగాన్ని బట్టి మెట్లను మార్చుకోవలసి ఉంటుంది. సర్వరాగమేళ వీణలో మెట్లు స్థిరంగా ఉండి అన్ని రాగాలకూ సరిపోతాయి. తరువాత తంజావూరు ప్రభువు రఘునాథ నాయకుని కాలంలో 24 స్థిరమైన మెట్ల వీణ రూపుదిద్దుకొన్నదని ప్రసిద్ధి. నేటి సరస్వతీ వీణకు 24 మెట్లు, నాలుగు వాయించే తీగలు, మూడు తాళపు తీగలు ఉంటాయి.

ఆస్థానం పోయిన తరువాత

1565లో తళ్ళికోట యుద్ధంలో విజయనగరం ఓడిపోయింది. రాజధాని పాడుబడడంతో అక్కడి పండితులు, సంగీత విద్వాంసులు అనేకులు కావేరీ తీరానికి తరలిపోయారు. తిమ్మణ్ణభట్టు కుటుంబం కూడా అలాగే వలస వెళ్ళింది. తిరుమల వేంకటేశ్వరుని అనుగ్రహంతో జన్మించాడని భావించి, 1595లో భువనగిరిలో పుట్టిన బాలునికి వేంకటనాథుడని పేరు పెట్టారు. తండ్రి చిన్నతనంలోనే మరణించగా, అన్న గురురాజు అతనిని పెంచాడు. మధురలో ఉన్న బావ లక్ష్మీనరసింహాచార్యుని వద్ద విద్యాభ్యాసం జరిగింది.

ముత్తాతకు రాజాదరణ లభించిన విద్య ఉన్నా, మునిమనుమడు పేదరికం అనుభవించవలసి వచ్చింది. వేంకటనాథుడు కుంభకోణంలో విద్యార్థుల నుండి ప్రతిఫలం ఆశించక పాఠం చెప్పేవాడనీ, కుటుంబం పస్తులుండిన రోజులు ఉన్నాయనీ చరిత్రలు చెబుతాయి. ఒక విందులో ఆయనను సామాన్యునిగా భావించి గంధం తీయమన్నారనీ, ఆయన అగ్నిసూక్తం జపిస్తూ తీసిన గంధం పూసుకొన్నవారికి ఒళ్ళు మండిందనీ ప్రచారంలో ఉన్న కథ ఈ కాలానిదే.

సన్యాసం, రచనలు

వేంకటనాథుడు 1621లో తంజావూరులో సుధీంద్రతీర్థుల నుండి సన్యాసం స్వీకరించి రాఘవేంద్రతీర్థుడైనాడు. భార్య సరస్వతి, కుమారుడు లక్ష్మీనారాయణుడు ఉండగా తీసుకొన్న నిర్ణయమిది. జయతీర్థుల 'న్యాయసుధ'కు ఆయన రచించిన 'పరిమళ' వ్యాఖ్య ప్రసిద్ధం. 'ఇందు ఎనగె గోవింద' అనే కన్నడ కీర్తన ఆయనదని సంప్రదాయం. 1671లో శ్రావణ బహుళ విదియనాడు మంత్రాలయంలో సజీవంగా బృందావన ప్రవేశం చేశారని భక్తుల విశ్వాసం. ఏటా ఆ తిథికి అక్కడ ఆరాధనోత్సవాలు జరుగుతాయి.

సంగీత చరిత్రలో స్థానం

ఐరోపాలో ఆస్థాన ల్యూట్ విద్వాంసుల రచనలు లిఖితరూపంలో మిగిలాయి. జర్మనీలోని డ్రెస్డెన్ ఆస్థానంలో పనిచేసిన సిల్వియస్ లియోపోల్డ్ వైస్ (1687-1750) రచనలు ఆరు వందలకు పైగా లభిస్తున్నాయి. ల్యూట్ మెడకు చుట్టిన నరపు మెట్లను కూడా జరుపుకొనే వీలుండేది. దక్షిణ దేశంలో వీణా విద్య గురుముఖతః సాగినందున కృష్ణభట్టు వాయించిన సంగీతం లిఖితరూపంలో మనకు అందలేదు. వాద్య నిర్మాణం గురించి శాస్త్ర గ్రంథాలు, వైణికుల గురించి ఇటువంటి వంశ చరిత్రలు మాత్రమే మిగిలాయి. ఆస్థాన విద్య ఆశ్రయం కోల్పోయిన తరువాత ఒక కుటుంబం ఏమయిందో తెలుసుకోవడానికి రాఘవేంద్రస్వామి వంశ చరిత్ర ఉపయోగపడుతుంది.